ఫ్రీ సాఫ్ట్‌వేర్, తాళం వేసిన యాడ్-ఆన్‌లు: సరిహద్దు ఊళ్ల షాపులు, సెంటర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం, జయపురం వైపు షాపుల్లో, డీటీపీ సెంటర్లలో, కాలేజీ ల్యాబుల్లో కంప్యూటర్లు చూసేవాళ్లకి మన తెలుగువాళ్ల నుంచి వచ్చే ప్రశ్నలివి. చాలావాటి వెనక ఉన్నది ఒకటే గొడవ. అసలు ప్రోగ్రామ్ ఫ్రీగానే ఉంటుంది, మన పని నడవడానికి కావలసిన అదనపు ముక్క (యాడ్-ఆన్) మాత్రం ఇంకెవరి చేతిలోనో ఉంటుంది. ఇక్కడ చెప్పింది లాయరు సలహా కాదు. పెద్ద మొత్తం ముడిపడి ఉంటే లాయర్నే కలవండి.

లినక్స్ ఫ్రీ అంటారు. మరి ఇన్‌స్టాల్ చేసినందుకు డబ్బులు తీసుకోవడం మోసం కాదా?

కాదు. డబ్బు తీసుకోవద్దని లినక్స్‌కి ఉన్న లైసెన్స్ జీపీఎల్ ఎక్కడా అనదు. పెన్‌డ్రైవ్‌లో వేసి అమ్ముకోవచ్చు, ఇన్‌స్టాల్ చేసి కూలి తీసుకోవచ్చు, ఏటా సర్వీస్ ఛార్జీ పెట్టొచ్చు. మీకు రావలసినవి నాలుగు హక్కులు: ఏ పనికైనా నడుపుకోవడం, లోపల ఎలా ఉందో చూసి మార్చుకోవడం, కాపీ ఇంకొకరికి ఇవ్వడం, మార్చిన కాపీని కూడా పంచడం. అమెరికా ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో, ఫ్రీ సాఫ్ట్‌వేర్‌తోనే పూర్తి సిస్టమ్ కట్టాలని గ్నూ ప్రాజెక్టు ప్రకటించారు. 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ వచ్చింది, 1989లో జీపీఎల్ మొదటి వెర్షన్ వచ్చింది. ప్రోగ్రామ్ ఎన్ని చేతులు మారినా ఈ హక్కులు పోకూడదన్నది దాని ఉద్దేశం. ఇన్‌స్టాల్ చేసినతను ఇవి మీకు ఇచ్చి డబ్బు తీసుకుంటే అది న్యాయమైన వ్యాపారమే.

అంత గట్టి లైసెన్స్ ఉంటే యాడ్-ఆన్‌కి తాళం ఎలా వేస్తున్నారు?

అన్ని లైసెన్సులూ అంత గట్టివి కావు. ఎంఐటీ, బీఎస్‌డీ, అపాచీ లైసెన్సుల కింద ఉన్న కోడ్‌ని తీసుకుని, దాని మీద మీ ముక్క కట్టి, మొత్తం మూసేసి అమ్మొచ్చు. తీసుకున్న కోడ్ కాపీరైట్ నోటీసు, లైసెన్స్ కాపీ జతగా ఉంచితే దాదాపు చాలు. ఎంపీఎల్ (మొజిల్లా లైసెన్స్) అయితే ఫైలు వరకే పట్టుకుంటుంది, పక్కన పెట్టిన మీ కొత్త ఫైళ్ల జోలికి రాదు. వీటిలా కాకుండా జీపీఎల్ మొత్తం ప్రోగ్రామ్‌ని తన కిందికి లాగుతుంది.

ఆండ్రాయిడ్ ఫోనే చూడండి. అడుగున లినక్స్ కెర్నెల్ (సిస్టమ్‌కి గుండెకాయ) జీపీఎల్ 2, దాని మీద ఆండ్రాయిడ్‌లో ఎక్కువ భాగం అపాచీ. ఆ పైన కూర్చున్న ప్లే సర్వీసెస్ మాత్రం గూగుల్ సొంతం. క్రోమియం ఓపెన్, క్రోమ్ కాదు. వ్యాపార లెక్కల ప్రోగ్రామ్ ఓడూ కమ్యూనిటీ ఎడిషన్ ఎల్‌జీపీఎల్ (జీపీఎల్‌కి మెత్తని రూపం), ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ మూసినది. ఈ పద్ధతిని ఓపెన్ కోర్ అంటారు. ఇందులో చట్టం తప్పినవాళ్లెవరూ లేరు. ఏ ముక్క ఏ లైసెన్స్ కింద ఉందో కొనేవాడికి చెప్పకపోతేనే చిక్కు.

మా షాపులో ఫ్రీ బిల్లింగ్ ప్రోగ్రామ్ పెట్టారు. ఐజీఎస్టీ రిపోర్టు కావాలంటే ఏటా కీ (తాళం తీసే కోడ్) కొనమంటున్నారు. చెల్లుతుందా?

మనవైపు బాగా వచ్చే ప్రశ్న ఇది, కాబట్టి కొంచెం వివరంగా చూద్దాం. పార్వతీపురంలోనో విజయనగరంలోనో సరుకు కొని రాయగడలో అమ్మే షాపుకి కొనుగోలు బిల్లు 37తో మొదలయ్యే జీఎస్టీ నంబరు నుంచి వస్తుంది. షాపు నంబరు 21తో మొదలవుతుంది. సరుకు రాష్ట్రం దాటింది కాబట్టి ఐజీఎస్టీ. అదే సరుకు రాయగడలో అమ్మితే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ. ఒకే రాష్ట్రంలో కొని అమ్ముకునే వ్యాపారికి ఈ రెండూ విడదీసే రిపోర్టు ఎప్పుడో గానీ అక్కర్లేదు. మనకి ప్రతి నెలా కావాలి. అమ్మేవాడికి ఆ సంగతి బాగా తెలుసు, అందుకే తాళం సరిగ్గా అక్కడే పడుతుంది.

ఇక లైసెన్స్ మాట. ఉదాహరణకి ఈఆర్‌పీనెక్స్ట్ తీసుకుందాం. ముంబై కంపెనీ తయారుచేసిన బిల్లింగ్, లెక్కల ప్రోగ్రామ్, జీపీఎల్ 3 కింద ఉంది. దానికి పునాది అయిన ఫ్రాపే ఫ్రేమ్‌వర్క్ మాత్రం ఎంఐటీ. మీకు మాడ్యూల్ (అదే ఆ యాడ్-ఆన్) అమ్మినతను ఫ్రాపేని మాత్రమే వాడుకుని రాసి ఉంటే మూసిపెట్టుకోవచ్చు, కీ కూడా అడగొచ్చు. అలా కాకుండా ఈఆర్‌పీనెక్స్ట్ ఇన్‌వాయిస్ కోడ్‌నే లోపలికి తెచ్చుకుని దాని మీద కట్టి ఉంటే, రెండూ కలిసి ఒకే ప్రోగ్రామ్ అవుతాయి, కాబట్టి మాడ్యూల్ కూడా జీపీఎల్ కిందికే రావాలి. ఇది ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ వాదన. దీన్ని ఒప్పుకోని లాయర్లూ ఉన్నారు. నాకైతే ఆ మాడ్యూల్‌ని విడిగా నడిపి చూడమనడం మంచి పరీక్ష అనిపిస్తుంది. ఈఆర్‌పీనెక్స్ట్ లేకుండా అది లేవనే లేవదంటే, అది విడి ప్రోగ్రామ్ అని వాదించడం కష్టం.

జీపీఎల్ 3 కిందికి వచ్చిందంటే ఆ కీకి పెద్ద విలువ లేదు. లైసెన్స్ ఇచ్చిన హక్కులు వాడుకున్నందుకు రాయల్టీ అడగకూడదని 10వ సెక్షన్ చెబుతుంది. సోర్సు (ప్రోగ్రామ్ రాసిన అసలు కోడ్) తీసుకుని, కీ తనిఖీ చేసే నాలుగు లైన్లు తీసేయించుకునే హక్కు మీకు ఉంటుంది. సపోర్టుకి ఏటా డబ్బు అడగడం మాత్రం తప్పు కాదు. జీఎస్టీ రూల్స్ మారినప్పుడల్లా ఎవరో ఒకరు కూర్చుని సరిచేయాలి కదా.

డబ్బు కట్టే ముందు ఇంకొకటి చూడండి. ఈఆర్‌పీనెక్స్ట్‌కి ఇండియా కంప్లయన్స్ అనే జీఎస్టీ యాప్ జీపీఎల్ 3 కిందే దొరుకుతుంది. ఈ-ఇన్‌వాయిస్, ఈ-వే బిల్లు ప్రోగ్రామ్‌లోంచే నేరుగా తీయాలంటే ఆ సర్వీసుకి క్రెడిట్లు కొనాలి, అది వేరే ఖర్చు. మీకు అమ్ముతున్నది దీనికే వేరే పేరు తగిలించిన కాపీ ఏమో, రెండు స్క్రీన్లూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.

సోర్సు అడిగితే ఇవ్వాల్సిందేనా? ఎలా అడగాలి?

ప్రోగ్రామ్ మీ చేతికి ఇచ్చినవాళ్లు, అది జీపీఎల్ కింద ఉంటే, ఇవ్వాల్సిందే. జీపీఎల్ 2లో ఒక పద్ధతి ఉంది: అప్పటికప్పుడు సోర్సు ఇవ్వకపోతే కనీసం 3 ఏళ్లు చెల్లే రాతపూర్వక హామీ ఇవ్వాలి. ఊరందరికీ ఇంటర్నెట్‌లో పెట్టాలన్న రూల్ లేదు. ప్రోగ్రామ్‌తోపాటే సోర్సు ఇచ్చేస్తే, తీసుకున్న మీకు ఇస్తే చాలు. మీరు దాన్ని ఇంకొకరికి ఇస్తే ఎవరూ ఆపలేరు.

ఫోన్లో అడిగితే "చూద్దాం సార్" అంటారు, అక్కడితో ఆగిపోతుంది. మెయిల్ పెట్టండి. ఇంత చాలు: "ఫలానా తేదీన మా షాపు కంప్యూటర్లో మీరు పెట్టిన ఫలానా ప్రోగ్రామ్ జీపీఎల్ 3 కింద ఉంది. మాకు ఇచ్చిన వెర్షన్‌కి సరిపోయే పూర్తి సోర్సు, మీరు చేసిన మార్పులతో, ఇన్‌స్టాల్ చేసే స్క్రిప్టులతో సహా పంపగలరు." బిల్లు కాపీ జత చేయండి. వెర్షన్ నంబరు రాయడం మర్చిపోవద్దు, లేకపోతే ఎక్కడైనా దొరికే మామూలు కాపీ లింకు పంపించి చేతులు దులుపుకుంటారు.

ఇలా అడిగితే ఏమవుతుందనేవాళ్లకి లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ రౌటర్ కథ చెప్పాలి. అందులో లినక్స్ ఉందని జనం కనిపెట్టి గట్టిగా అడిగేసరికి 2003లో కంపెనీ సోర్సు బయటపెట్టింది. రౌటర్లలో వేసుకునే ఫ్రీ సిస్టమ్ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పుట్టింది అందులోంచే. పాత రౌటర్లని ఇప్పటికీ బతికిస్తున్నది అదే.

ప్రోగ్రామ్ మా కంప్యూటర్లో లేదు, బ్రౌజర్‌లో తెరుస్తాం. అప్పుడూ అడగొచ్చా?

మామూలు జీపీఎల్ అయితే అడగలేరు. ఆ ప్రోగ్రామ్ వాళ్ల సర్వర్‌లోనే ఉంది, కాపీ మీకు ఇవ్వలేదు, కాబట్టి సోర్సు ఇచ్చే బాధ్యత మొదలే కాలేదు. చాలామంది వాడుకున్న సందు ఇది. దీన్ని పూడ్చడానికే 2007 నవంబరులో ఏజీపీఎల్ 3 వచ్చింది. దాని 13వ సెక్షన్ ప్రకారం, మార్చిన ప్రోగ్రామ్‌ని నెట్‌వర్క్ మీద వాడేవాళ్లకి కూడా సోర్సు అందుబాటులో పెట్టాలి. డేటాబేస్ కంపెనీ మొంగోడీబీ 2018లో ఇంకా ముందుకెళ్లి ఎస్‌ఎస్‌పీఎల్ అనే సొంత లైసెన్స్ రాసుకుంది. సర్వీసుగా నడిపేవాళ్లు చుట్టూ ఉన్న సరంజామా సోర్సు కూడా ఇవ్వాలని అందులో ఉంది. లైసెన్సుల్ని పరిశీలించి ఆమోదించే ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్ సంస్థ దాన్ని ఓపెన్ సోర్స్ లైసెన్సుగా గుర్తించలేదు.

సర్వర్‌లో నడిచేవాటికి నేను లైసెన్స్ కంటే ముందు డేటా అడుగుతాను. కస్టమర్లు, స్టాకు, పాత బిల్లులు అన్నీ సీఎస్‌వీలో (ఎక్సెల్‌లో తెరుచుకునే ఫైలు) దింపుకోవడానికి బటన్ ఉందా? లేకపోతే ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు.

అప్‌డేట్ చేశాక పాత హెచ్‌పీ లేజర్ ప్రింటర్ ఆగిపోయింది. లినక్స్ తప్పా?

లేజర్‌జెట్ 1020 అయితే కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. ఆ ప్రింటర్ తన ఫర్మ్‌వేర్‌ని (తన లోపల నడిచే ప్రోగ్రామ్‌ని) దాచుకోదు. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ కంప్యూటర్ దానికి మళ్లీ ఎక్కించాలి. హెచ్‌పీ లినక్స్ డ్రైవర్ హెచ్‌పీలిప్ ఓపెన్ సోర్సే, కానీ 1020, పీ1007, పీ1008 లాంటి మోడళ్లకి దానితోపాటు మూసిన ప్లగిన్ ఒకటి కావాలి. ఆ ప్లగిన్ వెర్షన్ హెచ్‌పీలిప్ వెర్షన్‌తో సరిగ్గా కలవాలి. సిస్టమ్ అప్‌డేట్‌లో హెచ్‌పీలిప్ పెరుగుతుంది, ప్లగిన్ పాతదే ఉండిపోతుంది. లైటు వెలుగుతుంది, కాగితం కదలదు.

టెర్మినల్‌లో హెచ్‌పీ-ప్లగిన్ కమాండ్ నడిపితే కొత్తది దిగుతుంది. దానికి నెట్ కావాలి. వానాకాలంలో గుణుపురం అవతల నెట్ సంగతి చెప్పక్కర్లేదు కదా, మీ వెర్షన్ ప్లగిన్ ఫైలు ఒక పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోండి. అర్జంటు పని ఉన్న రోజు అప్‌డేట్ నొక్కకండి.

ఇలాంటి మూసిన ఫర్మ్‌వేర్ విషయంలో ఫ్రీ సాఫ్ట్‌వేరే ఇవ్వాలన్న పట్టుదల ఉన్న డెబియన్ అనే లినక్స్ ప్రాజెక్టే 2022లో ఓటు పెట్టుకుని దిగొచ్చింది. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి అధికారిక ఇన్‌స్టాలర్‌లోనే ఆ ఫైళ్లు వస్తున్నాయి. వైఫై లేని ల్యాప్‌టాప్ ఇచ్చి సిద్ధాంతం చెప్పడం కంటే నాకు ఇదే నయమనిపిస్తుంది.

కోచింగ్ సెంటర్‌లో వర్చువల్‌బాక్స్ పెట్టుకోవచ్చా? ఎక్స్‌టెన్షన్ ప్యాక్ మాటేమిటి?

కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని నడిపించే వర్చువల్‌బాక్స్ నిశ్చింతగా పెట్టుకోండి, అది జీపీఎల్. జాగ్రత్తపడాల్సింది ఎక్స్‌టెన్షన్ ప్యాక్ దగ్గర. అదే సైట్‌లో, అదే పేజీలో, పక్కనే ఉంటుంది. డబ్బు అడగదు. కానీ దాని లైసెన్స్ వేరు: వ్యక్తిగత వాడకానికి, చదువుకి, పరీక్షించి చూసుకోవడానికి మాత్రమే. చదువు అంటే స్కూళ్లు, కాలేజీలు, యూనివర్సిటీలలో పాఠంలో భాగంగా వాడటం. ఫీజు తీసుకుని టాలీ, జావా నేర్పే ప్రైవేటు సెంటర్ అందులోకి వస్తుందని మీకు మీరే అనుకోవద్దు. వ్యాపారానికి దాన్ని తయారుచేసే ఒరాకిల్ దగ్గర లైసెన్స్ కొనాలి.

అయినా ఆ ప్యాక్ మీకెందుకు? ఒకప్పుడు యూఎస్‌బీ 2, 3 పోర్టుల కోసం అందరూ వేసుకునేవారు. 7.0 వెర్షన్ నుంచి అవి అసలు ప్రోగ్రామ్‌లోకే వచ్చేశాయి. డిస్క్ ఎన్‌క్రిప్షన్, దూరం నుంచి స్క్రీన్ చూడటం లాంటివి ల్యాబులో అక్కర్లేదు. పాత అలవాటుకొద్దీ వేసి ఉంటే ఈరోజే తీసేయండి.

పెళ్లి కార్డులు తెలుగు, ఒడియా రెండింట్లో వేస్తాం. ఫ్రీ ఫాంట్లు వాడి డబ్బు తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు. ఫ్రీ ఫాంట్లలో చాలావరకు ఎస్‌ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉంటాయి. సిలికానాంధ్ర తరఫున వచ్చిన మండలి, రామభద్ర, గిడుగు ఫాంట్లు అలాంటివే. పర్లాకిమిడిలో పంతులుగారిగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారి పేరే ఆ ఫాంట్‌కి పెట్టారు, అది మనవైపు కార్డుల మీద కనిపిస్తే బాగుంటుంది. ఒడియాకి నోటో సాన్స్ ఒరియా, లోహిత్ ఒడియా ఉన్నాయి. వీటితో వేసిన కార్డు, పోస్టరు, పుస్తకం పూర్తిగా మీవి, ఫాంట్ లైసెన్స్ వాటికి అంటదు. ఫాంట్‌ని విడిగా అమ్మకూడదు, వేరే సాఫ్ట్‌వేర్‌తో కలిపి ఇవ్వొచ్చు. అక్షరాలు మార్చి కొత్త ఫాంట్ చేస్తే అది కూడా అదే లైసెన్స్ కింద ఉండాలి. రిజర్వు చేసిన పేరైతే మార్చాలి. ఎవరైనా అలాంటి ఫాంట్‌కి కొత్త పేరు పెట్టి సొంత లైసెన్స్‌తో అమ్ముతుంటే అది తప్పే.

డీటీపీలో నన్ను ఇబ్బందిపెట్టేది ఫాంట్ లైసెన్స్ కంటే ఫైలు. పాత పేజ్‌మేకర్ ఫైళ్లు యూనికోడ్ (ఏ కంప్యూటర్లోనైనా అక్షరం మారకుండా ఉండే పద్ధతి) కాని తెలుగు ఫాంట్లతో చేసినవి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిస్తే "శ్రీరస్తు" స్థానంలో ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు వస్తాయి. పదేళ్ల కార్డుల ఫైళ్లు ఉన్న షాపు ఆ ఒక్క ఫాంట్ ప్యాకేజీని వదల్లేదు. అందుకే కొత్త ఆర్డర్లు యూనికోడ్‌లో మొదలుపెట్టండి. పాతవి కస్టమర్ మళ్లీ వచ్చినప్పుడు ఒక్కొక్కటే మార్చుకోవచ్చు. ఒకేసారి అన్నీ మార్చబోతే సీజన్ పాడవుతుంది.

ఖరీదైన వర్డ్‌ప్రెస్ ప్లగిన్‌ని "జీపీఎల్ కాపీ" అని రెండు వందలకి ఇస్తున్నారు. తీసుకోవచ్చా?

చట్టం వైపు చూస్తే చాలావరకు తీసుకోవచ్చు. వెబ్‌సైట్లు కట్టే వర్డ్‌ప్రెస్ జీపీఎల్ 2 లేదా ఆ తర్వాతది. దాని మీద నడిచే థీముల పీహెచ్‌పీ భాగం కూడా జీపీఎల్ కిందికి వస్తుందని 2009లో సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ లా సెంటర్ అభిప్రాయం చెప్పింది. బొమ్మలు, సీఎస్‌ఎస్ (పేజీ అలంకరణ) విడిగా ఉంచుకోవచ్చని కూడా అదే అభిప్రాయంలో ఉంది. అందుకే కొందరు కోడ్‌ని జీపీఎల్ కింద, బొమ్మల్ని సొంత లైసెన్స్ కింద పెట్టి అమ్ముతారు.

నేను మాత్రం వద్దంటాను. కీ తీసేసిన కాపీలో ఇంకా ఏం కలిపారో మీకు తెలియదు, సెక్యూరిటీ అప్‌డేట్లు రావు. షాపు వెబ్‌సైట్‌లో జూదం సైట్ల లింకులు కనిపించడం మొదలయ్యాక తలపట్టుకునే టెన్షన్‌కి రెండు వందలు చాలా తక్కువ.

కాలేజీ లైబ్రరీలో కోహా పెట్టిన ఏజెన్సీ అడ్మిన్ పాస్‌వర్డ్ ఇవ్వడం లేదు. లైసెన్స్ తప్పినట్టేనా?

లైబ్రరీ పుస్తకాల లెక్క చూసే కోహా జీపీఎల్ ప్రోగ్రామే, న్యూజిలాండ్‌లో పుట్టి 2000 నుంచి నడుస్తోంది. కానీ జీపీఎల్ సోర్సు ఇప్పిస్తుంది గానీ పాస్‌వర్డ్ ఇప్పించదు. అది మీ ఒప్పందంలో రాసుకోవాల్సిన మాట. కంప్యూటర్ కాలేజీదే అయితే సిస్టమ్ అడ్మిన్‌గా ప్రవేశించి డేటాబేస్ కాపీ తీసుకోవచ్చు, అందులో లైసెన్స్ అడ్డు ఏమీ లేదు. వచ్చే ఏడాది టెండర్‌లో ఆ ఒక్క లైను చేర్చండి.

కంపెనీ మధ్యలో లైసెన్స్ మార్చేస్తే మన దగ్గరున్న కాపీ ఏమవుతుంది?

ఏమీ కాదు. జీపీఎల్ కిందో అపాచీ కిందో తీసుకున్న వెర్షన్ అలాగే ఉంటుంది, కొత్త వెర్షన్లే మారతాయి. సర్వర్లు ఏర్పాటుచేసే టెరాఫామ్ 2023 ఆగస్టులో లైసెన్స్ మారిస్తే పాత కోడ్ మీద ఓపెన్‌టోఫు వచ్చింది. రెడిస్ డేటాబేస్ 2024 మార్చిలో మారిస్తే వాల్కీ వచ్చింది, మరుసటి ఏడాది రెడిస్ ఏజీపీఎల్‌ని కూడా చేర్చి వెనక్కి తగ్గింది. సినిమాలు, పాటలు నడిపే ఎంబీ తన సోర్సు మూసేసినప్పుడు జెల్లీఫిన్ కూడా అలాగే పుట్టింది. కోడ్ రాసి పంపినవాళ్ల చేత కంపెనీ ముందే హక్కులు రాయించుకుని ఉంటే ఇలా మార్చడం తేలిక. లినక్స్ కెర్నెల్‌లా వేలమంది చేతుల్లో కాపీరైట్ ఉంటే అది దాదాపు అసాధ్యం.

జీపీఎల్ ఉన్నా రెడ్ హ్యాట్ సోర్సు అందరికీ ఎందుకు ఇవ్వడం లేదు?

కాపీ తీసుకున్నవాళ్లకే ఇవ్వాలన్న రూల్ ముందే చెప్పుకున్నాం. రెడ్ హ్యాట్ అనే కంపెనీ 2023 జూన్ నుంచి తన లినక్స్ ఆర్‌హెచ్‌ఈఎల్ సోర్సుని కస్టమర్లకే పరిమితం చేసింది. కస్టమర్ దాన్ని పంచుకోకుండా జీపీఎల్ ఆపనివ్వదు. కానీ పంచితే సబ్‌స్క్రిప్షన్ ఆపేయొచ్చని ఒప్పందంలో ఉంది. అక్షరానికి లైసెన్స్ తప్పలేదంటారు వాళ్లు, స్ఫూర్తి తప్పిందంటారు ఎదుటివాళ్లు. నేను రెండోవాళ్ల వైపు. మన చిన్న సర్వర్లకి డెబియన్ ఉండగా ఈ తగాదాలో తలదూర్చే అవసరం లేదు.

విద్యార్థులకి వీఎస్ కోడ్ వేస్తే ఏమైనా ఇబ్బందా?

కోడ్ రాసుకునే ఈ ఎడిటర్ వాడుకోవడానికి ఇబ్బంది ఏమీ లేదు. సోర్సు ఎంఐటీ, మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఇన్‌స్టాలర్‌కి మాత్రం దాని సొంత లైసెన్స్. అదే సోర్సు నుంచి చేసిన వీఎస్‌కోడియం వేసుకుంటే మైక్రోసాఫ్ట్ మార్కెట్‌ప్లేస్ నుంచి ఎక్స్‌టెన్షన్లు తీసుకోకూడదు, పైలాన్స్ (మైక్రోసాఫ్ట్ పైథాన్ ఎక్స్‌టెన్షన్) లాంటివి నియమాల ప్రకారం పనికిరావు. ఓపెన్ వీఎస్‌ఎక్స్ అనే వేరే ఎక్స్‌టెన్షన్ల సైటులో ఉన్నవి వాడుకోండి.

తాళం వేసిన మాడ్యూల్‌కి క్రాక్ పెట్టుకుంటే?

మాడ్యూల్ నిజంగా జీపీఎల్ కిందికి రాకపోతే పెద్ద తప్పే. కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ ప్రకారం దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్లో వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల వరకు జరిమానా. వ్యాపారానికి వాడలేదని తేలితే కోర్టు జైలు తప్పించవచ్చు. షాపు బిల్లింగ్‌కి ఆ మినహాయింపు ఎలాగూ వర్తించదు. అదే చట్టం 52వ సెక్షన్ న్యాయంగా కొన్నవాళ్లకి కొన్ని వెసులుబాట్లు ఇచ్చింది. బ్యాకప్ కాపీ తీసుకోవచ్చు. వేరే ప్రోగ్రామ్‌తో కలిపి పనిచేయించడానికి తప్పనిసరైన సమాచారం మరో దారిలో దొరక్కపోతే దాన్ని రాబట్టుకోవచ్చు. పాత మాడ్యూల్ నుంచి మీ లెక్కలు బయటికి తెచ్చుకునేటప్పుడు ఈ రెండోది గుర్తుపెట్టుకోండి.

నేను గుణుపురంలో ఇంజనీరింగ్ చదువుతున్నాను. సొంతంగా యాడ్-ఆన్ రాసి అమ్ముకోవాలంటే మూసిపెట్టొచ్చా?

దేని మీద రాస్తున్నావో ముందు చూసుకో. లిబ్రేఆఫీస్ ఎంపీఎల్ 2 కింద ఉంది, నీ ఎక్స్‌టెన్షన్ ఫైళ్లు నీవే, మూసుకోవచ్చు. వర్డ్‌ప్రెస్, ఈఆర్‌పీనెక్స్ట్ లాంటి జీపీఎల్ ప్రోగ్రామ్ మీద అయితే కొన్నవాళ్లకి సోర్సు ఇచ్చెయ్యడం మంచిది. ఇస్తే అమ్మకం పోతుందన్న భయం వద్దు. రాయగడ షాపు యజమాని పైథాన్ చదవడు, నెలాఖరున రిపోర్టు తప్పు వస్తే వచ్చి సరిచేసేవాడి కోసం డబ్బు కడతాడు. ఫైలు మొదట్లో నీ పేరు, సంవత్సరం, లైసెన్స్ పేరు రాసి పెట్టు. ఇంకొకరి దగ్గర తెచ్చిన కోడ్ ఉంటే వాళ్ల నోటీసు తీసెయ్యకు. బిల్లులో "సాఫ్ట్‌వేర్" అని ఒకే లైను వెయ్యకుండా, ప్రోగ్రామ్‌కి ఎంత, ఏడాది సర్వీసుకి ఎంత అని విడిగా చూపించు.